నొప్పి లేని గడ్డ

లేవీయకాండము 13వ అధ్యాయము రాగానే మనలో చాలామందిమి గబగబా పేజీ త్రిప్పివేస్తాము. కుటుంబ ప్రార్థనలో చదువుకొనుటకు అది అంత ఇంపైన భాగము కాదు. కాని పల్లెటూరి సంఘములో పనిచేసే కాపరికి ఆ అధ్యాయము బాగా తెలిసిన లోకమువలె కనబడుతుంది. ఇశ్రాయేలీయులలో ఎవరికైనా ఒంటిమీద ఉబ్బు లేచినా, పొక్కు కట్టినా, మెరిసే మచ్చ కనబడినా అతనిని యాజకుని యొద్దకు తీసుకొని రావలెను. యాజకుడు చూస్తాడు. తేల్చి చెప్పలేకపోతే ఏడు రోజులు ఆగి మరల చూస్తాడు. అప్పటికీ సందేహముంటే ఇంకొక ఏడు రోజులు ఆగుతాడు. తలమీద, గడ్డము మీద వచ్చేవాటిని గూర్చి వేరుగా కూడ చెప్పబడినది.

ఇందులో నాకు ముఖ్యముగా తోచేది ఏమనగా, యాజకుడు మందు వేయడు. చూస్తాడు, ఆగుతాడు, మరల చూస్తాడు. మొదట చూచినప్పటికీ ఇప్పటికీ ఏమి మారినదో గమనిస్తాడు. నేటి డాక్టరు కూడ గడ్డను చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఎన్నాళ్ళ నుండి ఉన్నది? పెరుగుతున్నదా, అలాగే ఉన్నదా?" ఈ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలిగినవారు మన సంఘములలో బహు తక్కువ.

మన పల్లెలలో ఇటువంటివాటిని ముందుగా చూచేది తరచుగా కాపరే. ఆదివారము ఆరాధన ముగిసి, గుమ్మము దగ్గర నిలబడి అందరికీ వందనములు చెబుతుండగా ఒక తల్లి కొంగు ప్రక్కకు తీసి చెంప చూపిస్తుంది. "అయ్యగారండీ, ఇదిగో ఇక్కడ చిన్న కాయలాగ ఉందండి. నొప్పేమీ లేదండి. కాస్త ప్రార్థన చేయండి" అంటుంది. ఆ నడిమి మాట దగ్గరే చిక్కంతా ఉన్నది. మన లెక్కలో నొప్పి ఉంటేనే జబ్బు. పన్ను సలిపితే అర్ధరాత్రి అయినా ఆటో పిలుస్తాము. నొప్పిలేని గడ్డను మాత్రము మూడు పంటలు ఇంటికి వచ్చేవరకు ముఖాన మోసుకొని తిరుగుతాము.

నేను వైద్యుడను కాను. అయినను ముఖము మీద చర్మము క్రింద నొప్పి లేకుండ లేచే గడ్డకు ఏమేమి కారణములు ఉండవచ్చునో ప్రతి కుటుంబమునకు కొంత తెలిసియుండుట మంచిదని తలంచి వ్రాస్తున్నాను. ఇది చదివి ఎవరికి వారు జబ్బు పేరు పెట్టుకొనవద్దు. ఎప్పుడు బయలుదేరవలెనో, ఎవరి దగ్గరకు పోవలెనో తెలిస్తే చాలును.

అపాయము లేనివే ఎక్కువ

ముందుగా ఈ సంగతి చెప్పాలి, లేకపోతే భయపడి నిద్ర మానుకొనేవారుంటారు. ముఖము మీద వచ్చే నొప్పిలేని గడ్డలలో ఎక్కువ భాగము ప్రాణహాని లేనివి.

అన్నిటికంటె సామాన్యముగా కనబడేది చర్మపు తిత్తి. మన చర్మము పైపొర నిత్యము రాలిపోతూ ఉంటుంది. ఆ పైపొరలో ఒక తునక వెంట్రుక కుదురు దగ్గర లోపలికి మడతపడిపోతే, రాలవలసిన పొట్టు బయటికి రాలేక లోపలనే ప్రోగవుతుంది. దాని చుట్టూ పలుచని సంచి ఏర్పడుతుంది. బఠాణీ గింజంత మొదలై ఉసిరికాయంత కావచ్చును. బాగా చూస్తే దాని నడినెత్తిన చిన్న నల్లచుక్క కనబడుతుంది. నొక్కితే పాలవిరుగుడు వంటి ముద్ద, చెడ్డ వాసనతో వస్తుంది. దీనిని అందరూ క్రొవ్వు గడ్డ అంటారు గాని అందులో ఉన్నది క్రొవ్వు కాదు, మన చర్మపు పొట్టే. నొక్కుట వలన వచ్చే నష్టమేమనగా, లోపలి సంచి లోపలనే పగిలి, నిన్నటివరకు నొప్పిలేని గడ్డ రేపటికి ఎఱ్ఱగా వాచి చీము పడుతుంది. మరియొక సంగతి, సంచిని సంచిగా తీయకుండ లోపలి ముద్దను మాత్రమే పిండివేస్తే అది మరల నిండుతుంది. "మా ఊరి ఆర్.ఎం.పి. గారు రెండుసార్లు కోసినా మరల వచ్చిందండి" అని చెప్పేవారి గడ్డ చాలాసార్లు ఇదే. తెలిసిన సర్జను అయితే ఆ ఒక్కచోట మత్తు సూది వేసి, సంచితో సహా తీసి, అదే రోజు ఇంటికి పంపిస్తారు.

నిజమైన క్రొవ్వు గడ్డ వేరు. అది మెత్తగా ఉండి వ్రేలితో నెడితే చర్మము క్రింద జారుతుంది. నల్లచుక్క ఉండదు. నుదుటిమీద వచ్చినప్పుడు కండరము క్రింద ఉంటుంది గనుక కొంచెము గట్టిగా తోచి, ఎముకే పెరిగినదని భ్రమ కలుగుతుంది. ఏండ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. చూపునకు బాగులేదనుకుంటే తీయించుకొనవచ్చును, లేదంటే ఊరకుండవచ్చును.

కనురెప్పలో నొప్పిలేకుండ చిన్న గింజవలె వచ్చేది రెప్పలోని నూనెగ్రంథి మూసుకొనిపోవుట వలన వచ్చేది. ఎఱ్ఱబడి సలిపే కంటికురుపు వేరు, ఇది వేరు. గోరువెచ్చని నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో రోజుకు కొన్నిసార్లు కాపడము పెడుతూ ఉంటే కొన్ని వారములలో చాలావరకు తగ్గుతుంది. అయితే వయస్సు మళ్ళినవారిలో ఒకే చోట మరల మరల వస్తున్నా, రెప్ప వెంట్రుకలు అక్కడ రాలిపోతున్నా కంటి డాక్టరుకు చూపించి తీరాలి. రెప్పలోని ఆ గ్రంథికే వచ్చే క్యాన్సరు ఒకటున్నది. తెల్లవారి దేశములలో అది అరుదు, మన దేశములో అంత అరుదు కాదు.

కంటి మూలలలో పసుపు వర్ణములో లేచే మెత్తని పొరలు కొందరిలో రక్తములో క్రొవ్వు ఎక్కువైనదని తెలిపే గుర్తులు. వాటికి పైపూత వెదకుటకంటె ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. చెవులు కుట్టించిన తరువాత తమ్మెకు గోలీవలె గట్టిగా, నున్నగా పెరిగేది మచ్చ పెరుగుదల. దానిని కోసివేస్తే మునుపటికంటె పెద్దదిగా రావచ్చును గనుక కోతతోపాటు సూదిమందు గాని వేరే చికిత్స గాని ఉండాలి.

బిడ్డల విషయములో తల్లులకు ఒక హెచ్చరిక. పుట్టినప్పటినుండి గాని, పసితనములో గాని కనుబొమ్మ చివర గుండ్రని గట్టి గడ్డ కనబడితే అది గర్భములో ముఖము రూపుదిద్దుకొనేటప్పుడు చర్మపు తునక లోపల చిక్కుకొనిపోయినందున వచ్చినది. దానిని తరువాత నెమ్మదిగా తీయించవచ్చును. కాని అటువంటిదే ముక్కు మీద, లేక రెండు కనుబొమ్మల నడుమ ఉంటే ఎవ్వరూ సూదితో పొడువకూడదు. కొందరు బిడ్డలలో ఆ గడ్డకు పుఱ్ఱెలోపలి వరకు దారి ఉంటుంది. ముందు స్కానింగు, తరువాతనే కత్తి.

పంటి వేరునుండి చెంపకు

ఇది వింటే కొందరు నమ్మరు. గడ్డము క్రింద గాని, దవడ అంచున గాని చిన్న బొడిపె లేస్తుంది. అప్పుడప్పుడు చుక్క చీము వచ్చి మానినట్లుంటుంది, మరల లేస్తుంది. దాని నడుమ చర్మము లోపలికి గుంజుకొనినట్లు సొట్ట పడుతుంది. నొప్పి ఉండదు. మందుల షాపులో అడిగి పూతమందులు కొంటారు, నెలలు గడుస్తాయి. అసలు కారణము లోపల చచ్చిపోయిన పన్ను. పంటిలోని నరము ఎప్పుడో చనిపోయినది గనుక పన్ను సలపదు. వేరు కొనలో చేరిన చీము ఎముకను తొలుచుకొని చర్మమువరకు దారి చేసుకొంటుంది.

మా ప్రాంతములో ఒక యౌవనస్థుడు గడ్డము మీద ఇటువంటి బొడిపెతో ఏడాదికి పైగా బాధపడ్డాడు. బాధ అంటే నొప్పి కాదు, పెండ్లి చూపులకు పోవుటకు సిగ్గు. చివరకు ఒక పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీసి క్రింది ముందు పన్ను ఒకటి చచ్చిపోయినదని చెప్పారు. చిన్నప్పుడు కబడ్డీలో దెబ్బ తగిలిన పన్నట అది. పంటి వేరుకు చికిత్స చేసిన కొద్ది వారములకే ముఖము మీది బొడిపె దానంతట అదే ఎండిపోయినది. చెంప మీద, దవడ మీద ఎంతకూ మానని గడ్డ ఉన్నవారు చర్మపు డాక్టరుతోపాటు పళ్ళ డాక్టరును కూడ చూడవలెనని అందుకే చెబుతున్నాను.

దవడ ఎముకే ఒకవైపు నిదానముగా లావెక్కుట మరొక సంగతి. వ్రేలితో నెడితే అసలు కదలదు, రాయివలె ఉంటుంది. ఎముకలో పెరిగే కణితి కావచ్చును. దానికి ఆలస్యము తగదు.

చెవి ముందర గడ్డ

దీనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయాలి, ఎందుకనగా మనవారు ఎక్కువగా నిర్లక్ష్యము చేసేది దీనినే.

చెవికి ముందర, చెవి తమ్మెకు క్రింద, దవడ వంపులో మనకు లాలాజలము ఊరే పెద్ద గ్రంథి ఉన్నది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది అదే. ఆ గ్రంథిలో ఒకవైపు మాత్రమే గోలీవలె గట్టి గడ్డ బయలుదేరి, నొప్పి లేకుండ ఏండ్ల మీద ఏండ్లు పెరుగుతుంది. కొందరిలో చెవి తమ్మె పైకి లేచినట్లు కనబడుతుంది. ఈ గ్రంథిలో వచ్చే కణితులలో సుమారు పదింట ఎనిమిది క్యాన్సరు కానివే. మరి తొందర ఎందుకు? ఎందుకనగా అందులో అతి సామాన్యమైన రకము, ఇప్పుడు సాధువైనదే అయినను, పది పదిహేను ఏండ్లు అలాగే వదలివేస్తే కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. చిన్నదిగా ఉన్నప్పుడు తీయుట సులువు కూడ.

ఇంకొక కారణమున్నది. కన్ను మూయుటకు, నవ్వుటకు, పెదవి కదల్చుటకు ఆజ్ఞలు తెచ్చే ముఖనాడి ఈ గ్రంథి గుండానే పోతూ అయిదు ముఖ్యమైన కొమ్మలుగా చీలుతుంది. చెట్టు వేళ్ళ నడుమ చిక్కిన రాయిని వేరు తెగకుండ తీయవలసినట్లు ఇక్కడ సర్జను పనిచేయాలి. కాబట్టి చెవి ముందర గడ్డను చిన్న క్లినిక్కులో బల్లమీద పడుకోబెట్టి కోయించుకొనుట ఎంతమాత్రము తగదు. నాడి తెగితే నోరు ఒకవైపుకు వంకరపోతుంది, కన్ను మూతపడదు. గడ్డ పైపొర చిరిగి లోపలి కణములు చెదరితే అది పలుచోట్ల మరల మొలుస్తుంది. పెద్ద ఆసుపత్రిలో ముందు సన్నని సూదితో కొన్ని కణములు తీసి పరీక్షించి, స్కానింగు చేసి, తరువాత ఆపరేషను చేస్తారు.

ఈ గడ్డ ఉన్నవారికి కోయకముందే ఆ వైపు ముఖము వంకరపోయినా, కన్ను సరిగా మూతపడకపోయినా, ఇన్నాళ్ళు నిదానముగా ఉన్నది హఠాత్తుగా పెరిగినా, క్రొత్తగా నొప్పి మొదలైనా అది తక్షణమే బయలుదేరవలసిన గుర్తు. పక్షవాతమనుకొని పసరు మందులకు తిప్పవద్దు.

పొగాకు చేసే పని

చెంపలో బయటినుండి చేతికి తగిలే గట్టి గడ్డ కొన్నిసార్లు నోటిలోపల మొదలైనదై ఉంటుంది. ఖైనీ, గుట్కా, జర్దాకిళ్ళీ చెంప ప్రక్కన నొక్కిపెట్టుకొనేవారికి అదే చోట తెల్లని మచ్చ, మానని పుండు, తరువాత గడ్డ వస్తుంది. ఆరంభములో నొప్పి తెలియదు. దవడ క్రింద, మెడలో బిళ్ళ కట్టినప్పుడు గాని కొందరు అద్దములో చూచుకొనరు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము జిల్లాల తీరప్రాంతములలో స్త్రీలు చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకొని పీల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఆ వేడికి అంగిలి కమిలి అక్కడ క్యాన్సరు వస్తుందని మన వైద్యులు ఎంతో కాలముగా వ్రాస్తూనే ఉన్నారు. మా సంఘములలో మద్యమును గూర్చి ప్రసంగించినంతగా పొగాకును గూర్చి ప్రసంగించము. స్త్రీల సమాజము వారు ఈ సంగతిని చేపడితే బాగుండును.

ఇంటిలో చేయగలిగిన పరీక్ష ఒకటున్నది. నోరు తెరచి మూడు వ్రేళ్ళు నిలువుగా లోపలికి పెట్టగలుగుతున్నారా చూడండి. పొగాకు, వక్క నమిలేవారిలో నోరు క్రమముగా బిగిసిపోతుంది. మూడు వ్రేళ్ళు పట్టనివారు వెంటనే పళ్ళ డాక్టరును కలవాలి.

చర్మపు క్యాన్సరు మన వర్ణము వారికి తెల్లవారికంటె తక్కువ. అయినను ముక్కు మీద, కంటి క్రింద నల్లని ముత్యమువలె లేచి, మధ్యలో గుంటపడి, రక్తము చెమర్చి పెచ్చు కట్టి, మరల రక్తము చెమర్చే బొడిపెను పులిపిరి అని కొట్టివేయరాదు. పుట్టుకతోనే ఒళ్ళంతా తెల్లగా, వెంట్రుకలు కూడ తెల్లగా ఉన్నవారు ఎండలో పనిచేసేటప్పుడు తలగుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పక వాడాలి.

పెద్దరోగమన్న పేరు

ఇక అందరూ లోలోపల భయపడి నోట పలుకనిది. ముఖము మీద, చెవి తమ్మెల మీద అనేకమైన చిన్న చిన్న బుడిపెలు లేచి, చర్మము దళసరియై మెరుస్తూ, కనుబొమ్మల చివరి వెంట్రుకలు రాలిపోతే అది కుష్ఠువ్యాధి కావచ్చును. దురద ఉండదు, నొప్పి ఉండదు. కొందరిలో బుడిపెలకు బదులు స్పర్శలేని పాలిపోయిన మచ్చలు వస్తాయి. కుష్ఠు అంటే మచ్చలే అని తెలిసినవారు కూడ బుడిపెలను చూచి పోల్చుకొనలేరు.

బైబిలులో కుష్ఠు అని మనము చదివేది, నేడు డాక్టర్లు చెప్పే కుష్ఠువ్యాధి ఒక్కటే అని అనుకొనరాదు. లేవీయకాండములో ఆ హెబ్రీ మాట బట్టలకు, ఇంటి గోడలకు కూడ వాడబడినది. గోడకు ఈ క్రిమి పట్టదు గదా! అనేక రకముల చర్మవ్యాధులకు, బూజుకు కలిపి వాడిన మాట అది. ఈ ఒక్క మాటను సరిగా బోధించనందువలన మన సంఘములలోనే ఎందరో తాము దేవుని శాపము క్రింద ఉన్నామని తలంచి మూల కూర్చున్నారు.

ఈ వ్యాధికి కారణమైన క్రిమిని 1873లో నార్వే దేశస్థుడైన హాన్సెన్ కనుగొన్నాడు. అది ముట్టుకొన్నంత మాత్రమున అంటదు. మందు వాడని రోగితో చాలాకాలము దగ్గరగా మెలగినవారిలోనే కొద్దిమందికి వస్తుంది. ఎక్కువమందికి సహజముగానే దానిని ఎదిరించే శక్తి ఉన్నది. క్రిమి చేరిన తరువాత గుర్తులు కనబడుటకు అయిదేండ్లు, కొన్నిసార్లు ఇరువది ఏండ్లు కూడ పట్టవచ్చును గనుక ఎవరినుండి వచ్చినదని వెదకి నిందించుట వ్యర్థము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స వలన వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలు గాని పన్నెండు నెలలు గాని మందు వాడితే నయమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఆ మందు ఉచితము. మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగినుండి ఇతరులకు వ్యాపించుట ఆగిపోతుంది. మందులలో ఒకదానివలన ఒంటి రంగు కొంత నల్లబడుతుంది, మరొకదానివలన మూత్రము ఎఱ్ఱగా వస్తుంది. ఇవి ముందుగా తెలియక భయపడి మధ్యలో మానివేసేవారున్నారు. మానవద్దు, ఆ రంగు తరువాత క్రమముగా పోతుంది. 2005 డిసెంబరు నాటికి మన దేశము మొత్తము మీద ఈ వ్యాధిగ్రస్థులు పదివేలమందికి ఒకరికంటె తక్కువైరని ప్రకటించారు. వ్యాధి పోయినదని దాని అర్థము కాదు, ఏటేటా క్రొత్తవారు బయటపడుతూనే ఉన్నారు.

తెలుగు సంఘములకు ఈ వ్యాధితో పాత బంధుత్వమున్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రిని ఆరంభించారు. అప్పటికి ఈ మందులు లేవు. చాల్‌మూగ్రా నూనెను సూదిగా ఎక్కించుటే గతి, ఆ సూది విపరీతమైన నొప్పి. అయినను దూరప్రాంతములనుండి జనులు నడిచి వచ్చి చేరేవారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, రోగుల వ్రేళ్ళు రాలిపోవుటకు వ్యాధి వాటిని తినివేయుట కారణము కాదనీ, స్పర్శ పోయినందున వారికి తెలియకుండ తగిలే కాలుడు గాయములు, దెబ్బలే కారణమనీ చూపించాడు. నొప్పి దేవుడిచ్చిన వరమని ఆయన జీవితాంతము చెప్పుచుండెను. నొప్పి లేదు గనుక ఫరవాలేదని మనమనుకొనే ప్రతిసారి నాకు ఆయన మాట జ్ఞాపకము వస్తుంది.

పెండ్లి కావలసిన ఆడపిల్ల ముఖము మీద బుడిపె కనబడితే తల్లిదండ్రులు ఆసుపత్రికి పోరు, ఎవరైనా చూస్తారేమోనని. ఆ భయమును నేను తేలికగా మాట్లాడను. మన ఊళ్ళలో ఒక్క పుకారు చాలు సంబంధము చెడిపోవుటకు. అయితే మందు ఆలస్యమైనకొలది చేతుల, కండ్ల నరములు దెబ్బతిని, అప్పుడు దాచిపెట్టలేని గుర్తు మిగులుతుంది. మొదటనే మందు వాడినవారి ముఖము మీద తరువాత ఏ జాడా లేకపోవచ్చును. ఇంకొక సంగతి పెద్దలందరూ తెలిసికొనాలి. క్రైస్తవ వివాహములకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో కుష్ఠువ్యాధి ఒక కారణముగా ఉండేది. 2019లో పార్లమెంటు దానిని తొలగించినది. ఈ వ్యాధి పేరు చెప్పి భార్యను పుట్టింటికి పంపి విడాకులు అడుగుటకు ఆ చట్టములో ఇక తావు లేదు. సంఘ పంచాయితీలో కూర్చునే పెద్దలు ఇది గుర్తుంచుకొందురు గాక.

ప్రభురాత్రి భోజనములో ఒకే పాత్రను గూర్చి కొందరు సణుగుతారు. మందు మొదలుపెట్టిన సహోదరునితో కలిసి ఆ బల్లలో పాలుపొందుటకు వైద్యరీత్యా ఏ ఆటంకమూ లేదు.

మరి రెండు కారణములు

దవడ క్రింద, మెడ ప్రక్కన వరుసగా బిళ్ళలు కట్టి నొప్పి లేకుండ నెలల తరబడి ఉంటే అది క్షయ కావచ్చును. పూర్వము గండమాల అనేవారు. దగ్గు ఉండవలసిన పని లేదు. సూదితో పరీక్షించి నిర్ధారిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము, సామాన్యముగా ఆరు నెలలు వాడాలి.

చర్మము క్రింద బియ్యపు గింజ మొదలు బఠాణీ గింజ వరకు గట్టి బుడిపెలు ఒకటికంటె ఎక్కువగా ఉండి, ఆ మనిషికి మూర్ఛలు కూడ వస్తే బద్దెపురుగు పిల్లలు శరీరములో చేరినవేమో పరీక్షించాలి. పందిమాంసము తిన్నందువలన ఇది నేరుగా రాదు. సరిగా ఉడకని మాంసము తింటే ప్రేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలములోని గుడ్లు చేతుల ద్వారా, కడుగని కూరల ద్వారా మరొకరి నోటిలోనికి పోతే అప్పుడు ఈ బుడిపెలు, మూర్ఛలు వస్తాయి. కాబట్టి జన్మలో మాంసము ముట్టనివారికి కూడ రావచ్చును. మూర్ఛ వచ్చిన బిడ్డకు దయ్యము పట్టినదని తలవెంట్రుకలు పట్టి ఈడ్చేవారు ఈ పేరా మరొకసారి చదువవలెనని నా మనవి.

ప్రార్థన, పసరు, కత్తి

గడ్డ మీద జీడిగింజ రసము పెట్టుట, సున్నము సబ్బు కలిపి అంటించుట, వాత పెట్టుట మన పల్లెలలో ఇంకను ఉన్నవి. చర్మము కాలి పుండు పడుతుంది, లోపలి గడ్డ చెక్కుచెదరదు. పుండు మానిన మచ్చ జీవితాంతము ముఖాన నిలుస్తుంది. తరువాత డాక్టరు చూచినను అసలు గడ్డ ఏదో, కాలిన గాయమేదో తెలియదు.

స్వస్థత సభలలో కొందరు బోధకులు ఆసుపత్రికి పోవుట అవిశ్వాసమని చెబుతున్నారు. హిజ్కియా మరణకరమైన రోగములో ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు అతని ప్రార్థన అంగీకరించి పదునైదు ఏండ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ వాగ్దానము వచ్చిన తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన నెరవేరినది గదా, మందు ఎందుకని ప్రవక్త అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అతడు సువార్త వ్రాసిన తరువాత వైద్యము పాపమని ఎవరు చెప్పగలరు? నూనె రాసి ప్రార్థించండి, నేనూ ప్రార్థిస్తాను. ప్రార్థించిన మరుసటి సోమవారము బస్సు ఎక్కండి. ప్రార్థనలో గడ్డ కరిగిపోయినదని సాక్ష్యము చెప్పగోరువారు కూడ ఒకసారి డాక్టరు చేతితో తడిమించుకొని వచ్చి చెబితే ఆ సాక్ష్యము మరి బలముగా ఉంటుంది.

ఇల్లు కదలకముందు గడ్డను గూర్చి కొన్ని సంగతులు కాగితము మీద వ్రాసుకొనండి. మొదట చూచినది ఏ నెలలో, అప్పుడు కందిగింజంతనా శనగగింజంతనా, ఇప్పుడు ఎంత, వ్రేలితో నెడితే కదులుతున్నదా, దాని మీద చర్మము రంగు మారినదా, ఆ ప్రక్క పన్ను ఏదైనా పుచ్చినదా, వెనుక ఎవరైనా కోశారా. నెలకొకసారి సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచినా సరే. రెండు మూడు వారములలోనే రెట్టింపు అయినా, రాయివలె గట్టిపడి కదలకపోయినా, పైన పుండు పడి మానకపోయినా, కారణము లేకుండ మనిషి చిక్కిపోతున్నా నెల తిరుగువరకు ఆగవద్దు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనో, జిల్లా ఆసుపత్రిలోనో చూపించండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకము క్రింద క్యాన్సరు చికిత్సలు, అనేక ఆపరేషనులు ఉన్నవి గనుక కార్డు వెంట తీసుకొనిపోండి.

కత్తి తగిలితే, సూది గుచ్చితే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందని ఒక మాట ఊరూరా తిరుగుతున్నది. అది నిజము కాదు. సన్నని సూదితో పరీక్ష చేయకుండ ఏ గడ్డ ఏమిటో చాలాసార్లు చెప్పలేరు, చికిత్స కూడ నిర్ణయించలేరు. ఆ మాట విని పరీక్ష మానుకొని ఆరు నెలలు పోగొట్టుకొన్నవారిని నేను ఎరుగుదును.

గడ్డ తీసిన తరువాత ఆ ముక్కను పారవేయనీయక పరీక్షకు పంపమని అడగండి. "డాక్టరు గారూ, దీన్ని బయాప్సీకి పంపిస్తారా అండీ?" అని మర్యాదగా అడిగితే ఎవరూ కోపగించుకొనరు. ఫలితము రావడానికి సుమారు వారము పది రోజులు పడుతుంది. కుట్లు విప్పించుకొనేందుకు పోయిన రోజుననే ఆ కాగితము కూడ అడిగి తీసుకొని, ఇంటిలో రేషను కార్డు, ఆధారు కార్డు ఉంచే సంచిలోనే భద్రపరచండి. అయిదేండ్ల తరువాత అదే చోట మరల చిన్న కాయ తగిలితే డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమునే.